మలేరి మట్టిలో ఒక పాదిరి పేరు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

మా బ్యాచ్ మిత్రులు వెనక బెంచీల్లోనే కూచున్నారు. అప్పుడూ వాళ్ళ చోటు అదే.

మన సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, "అన్నా, గనుల ముచ్చట్లు చాలాసార్లు చెప్పినవు, ఈసారి పిల్లలకు పనికొచ్చేది ఏదన్నా చెప్పు" అన్నాడు. ఏం చెప్పాలో నిర్ణయించింది మాత్రం ఈ బడి పిల్లే. నిరుడు పదో తరగతి వాళ్ళతో పై చదువుల గురించి మాట్లాడటానికి వచ్చినప్పుడు ఒక అమ్మాయి లేచి, "సార్, డార్విన్ గురించి పరీక్షలో రాస్తే మార్కులు వస్తాయి, ఇంట్లో చెప్తే తిట్లు పడతాయి. రెండిట్లో ఏది నిజం?" అని అడిగింది. ఆ అమ్మాయిది ఏ మతమో చెప్పను. మన జిల్లాల్లో ఏ ఇంటి పిల్లయినా అడగగల ప్రశ్నే అది. ఆ రోజు గంట కొట్టేశారు, జవాబు సగంలో ఆగింది. మిగతా సగం ఈ రోజు చెప్తాను.

దానికి డార్విన్ దాకా, ఇంగ్లండు దాకా పోవలసిన పని లేదు. మన ప్రాణహిత ఒడ్డున మొదలుపెట్టవచ్చు.

పాత ఆదిలాబాద్ జిల్లా తూర్పు భాగంలో మలేరి అని ఒక చిన్న ఊరుంది. అక్కడి ఎర్రమట్టి పొరలకు ప్రపంచంలోని భూగర్భ శాస్త్రజ్ఞులందరూ ఆ ఊరి పేరే వాడతారు: మలేరి ఫార్మేషన్. వయసు సుమారు 22 కోట్ల ఏళ్ళు. 1850లలో ఆ మట్టిలో కొన్ని చేప పళ్ళు దొరికాయి. వాటిని సేకరించిన మనిషి స్టీఫెన్ హిస్లాప్, నాగపూర్‌లో ఉండే స్కాట్లండు పాదిరి. మనవాళ్ళకు నాగపూర్ అంటే పెద్దాసుపత్రి, కమలాలు, ఢిల్లీ రైలు. ఈ పాదిరి సంగతి మనలో ఎవరికీ తెలియదు. నాకూ ఉద్యోగంలో చేరి, గోదావరి లోయ రాతి పొరల నివేదికలు చదవడం మొదలుపెట్టాకే తెలిసింది.

హిస్లాప్ 1817లో పుట్టాడు. 1844 చివర బొంబాయిలో దిగి, మరుసటి ఏడు నాగపూర్ చేరాడు. వచ్చింది మత ప్రచారానికి, అది దాచిపెట్టి చెప్పను. బడి పెట్టాడు, బైబిలు బోధించాడు. ఆ పని మీద ఎవరి అభిప్రాయం వాళ్ళకుంటుంది. కానీ ఆయన నడిచినంత మేరా కళ్ళు నేల మీదే ఉండేవి. సహచరుడు రాబర్ట్ హంటర్‌తో కలిసి నాగపూర్ చుట్టూ శిలాజాలు ఏరాడు, పొరలు రాసుకున్నాడు, లండన్‌లోని జియొలాజికల్ సొసైటీకి వ్యాసాలు పంపాడు. మలేరి పళ్ళను భారత భూగర్భ సర్వే అధిపతి థామస్ ఓల్డ్‌హామ్ పరిశీలించి, ఒక చేపకు సెరటోడస్ హిస్లోపియానస్ అని, ఇంకో దానికి సెరటోడస్ హంటీరియానస్ అని పేర్లు పెట్టి ప్రచురించాడు. ఇద్దరు పాదిరులు, రెండు చేపలు. ఆ సంవత్సరం 1859. అదే ఏడు నవంబరులో లండన్‌లో డార్విన్ 'జాతుల ఉత్పత్తి' పుస్తకం వెలువడింది.

సెరటోడస్ మామూలు చేప కాదు. మొప్పలతో పాటు ఊపిరితిత్తి కూడా ఉండే చేపల వంశం. 1870లో ఆస్ట్రేలియాలో దాని బంధువు ఒకటి ప్రాణాలతో దొరికినప్పుడు శాస్త్రలోకం ఉలిక్కిపడింది. పళ్ళను చూసి, మన మలేరి చేప కుటుంబమేనని గుర్తుపట్టి, మొదట దానికీ సెరటోడస్ అనే పేరు పెట్టారు. నీళ్ళలో బతుకుతూ గాలి పీల్చే ఈ చేపలు, ఇప్పుడు బతికి ఉన్న చేపలన్నిటిలోకీ నేల మీది జంతువులకు అతి దగ్గరి చుట్టాలు. కప్పకు, కాకికి, మనకు. డార్విన్ వాదానికి అంత పనికొచ్చే సాక్ష్యం ఒక పాదిరి పేరు మోస్తున్నది.

కథ అక్కడితో ఆగలేదు. తరువాతి కాలంలో మలేరి మట్టిలో మొసలిలా పొడుగాటి మూతి ఉన్న జంతువు బయటపడింది. 1885లో లిడెక్కర్ అనే శాస్త్రవేత్త దానికి పారాసూకస్ హిస్లోపై అని పేరు పెట్టాడు. అదే మట్టిలో చిలక ముక్కులాంటి మూతితో, మొక్కలు నమిలి బతికిన మరో జంతువు ఉంది. 1881లో దాన్ని హైపెరోడాపెడాన్ హక్స్‌లేయి అన్నాడు. హక్స్‌లీ ఎవరో పిల్లలకు చెప్పాలి. డార్విన్ తరఫున చర్చి పెద్దలతో వాదించిన మనిషి. దేవుడున్నాడో లేడో తేల్చి చెప్పలేమనే వాళ్ళకు 'అగ్నాస్టిక్' అనే మాటను 1869లో పుట్టించింది ఆయనే. ఆ హైపెరోడాపెడాన్ జాతిని 1859లో మొదట వర్ణించిందీ ఆయనే. ఆ ఎముకలు స్కాట్లండువి. వాటికి ఆయన ఇచ్చిన పేరు అక్కడి జార్జి గోర్డన్ అనే పాదిరిది. అంటే హిస్లాప్ సొంత దేశంలో ఒక పాదిరి పేరు మోసే జంతువు జాతివాడే, ఆయన ఏరిన మన మట్టిలో హక్స్‌లీ పేరు మోస్తూ దొరికాడు.

కొంచెం కిందికి ప్రాణహిత ఒడ్డు వెంట పోతే కోటా పొరలు, సుమారు 18 కోట్ల ఏళ్ళవి. మనవైపు యామన్‌పల్లి దగ్గర దొరికిన రాక్షసబల్లి కోటాసారస్. అవతలి ఒడ్డున, ఇప్పటి మహారాష్ట్రలో దొరికినది బారాపాసారస్ టాగోరై, రవీంద్రనాథ్ టాగోర్ శతజయంతి వేళ దొరికిందని ఆయన పేరు. అవే పొరల్లో ఒక బుల్లి పాలిచ్చే జంతువు పన్ను దొరికితే 1981లో కోటాథీరియం హాల్డేనై అన్నారు. జె.బి.ఎస్. హాల్డేన్ పేరు మీద. 1957లో ఇంగ్లండు వదిలి మన దేశానికి వచ్చి, పౌరసత్వం తీసుకున్న జన్యు శాస్త్రవేత్త, పక్కా నాస్తికుడు. పాదిరి, సంశయవాది, నాస్తికుడు, దేవుణ్ణి పాడిన కవి. నలుగురి పేర్లూ ఒకే నది ఒడ్డున. ఎవరి పేరు మోసే ఎముక వల్ల ఇంకొకరి ఎముక వయసు మారలేదు.

మీలో కొందరు కాళేశ్వరం గుర్తుచేస్తారని తెలుసు. ఒకే పానవట్టం మీద రెండు లింగాలు, మతమూ విజ్ఞానమూ కూడా అలాగే అని ముగిస్తే చప్పట్లు బాగా పడతాయి. కానీ అంత తేలిక కాదు. 2022 ప్రాణహిత పుష్కరాల్లో నేనూ కాళేశ్వరంలో మునిగాను. మునిగినప్పుడు ఆ నీటి కింద ఏ కాలపు పొర ఉందో కూడా లెక్క వేసుకున్నాను. రెండూ నాలో ఉన్నాయి. రెంటికీ మధ్య గొడవే లేదని మాత్రం అనలేను.

మొదట, తప్పుడు దారిలో గొడవ తీర్చేవాళ్ళ గురించి. 2019 జనవరిలో జలంధర్‌లో జరిగిన సైన్స్ కాంగ్రెస్‌లో, మన తెలుగు నేల మీది ఒక విశ్వవిద్యాలయ ఉపకులపతి దశావతారాలు డార్విన్ కంటే మెరుగైన సిద్ధాంతం అన్నారు. అంతకు ముందు ఏడు ఒక కేంద్రమంత్రి, కోతి మనిషిగా మారడం ఎవరూ చూడలేదు కనక డార్విన్ తప్పు అన్నారు. ఒకరిది సైన్సును మింగేయడం, ఇంకొకరిది ఉమ్మేయడం. దశావతారాల పోలిక నాకూ చిన్నప్పుడు ముచ్చటగానే ఉండేది. చేప, తాబేలు, పంది, నరసింహుడు, పొట్టి వామనుడు, వరుస బాగానే కుదిరినట్టుంటుంది. కానీ మాటలను చూడండి. అవతారం అంటే దిగి రావడం. పైనుంచి, పూర్ణంగా, ఒక పని కోసం. మత్స్యానికి కూర్మం పుట్టలేదు. కూర్మానికి వరాహం పుట్టలేదు. పరిణామం అంటే మారడం, పాలు తోడుకుని పెరుగు అయినట్టు. ఆ ఉదాహరణ మన సాంఖ్యులదే. ఏ గడియలో పాలు పెరుగయ్యాయో గిన్నె దగ్గర కూచున్నా చెప్పలేం. కానీ పొద్దున్నే పెరుగు ఉంటుంది. రెండు మాటలూ మన భాషలోనే విడివిడిగా ఉండగా, ఒకదాన్ని ఇంకొకటి అనడం దేనికి? క్రైస్తవుల్లోనూ ఇదే పని చేసినవాళ్ళున్నారు. బైబిల్లోని ఆరు రోజులను ఆరు యుగాలుగా సాగదీసి శిలాజాలకు సరిపెట్టారు. పొర మారినప్పుడల్లా శ్లోకానికో వచనానికో కొత్త అర్థం వెతుక్కోవాలి. అది గ్రంథానికీ గౌరవం కాదు, రాయికీ కాదు.

ఈ విషయం మాకు ముందే చెప్పిన మనిషి ఒకరున్నారు. మా బయాలజీ సారు. పేరు చెప్పనక్కర లేదు, మీలో సగం మంది ఆయన చేతి దెబ్బలు తిన్నవాళ్ళే. మంథని వైపు మనిషి, సెలవుల్లో పౌరోహిత్యం చేసేవారు. పొద్దున సత్యనారాయణ వ్రతం చేయించి, మధ్యాహ్నం కుంకుమబొట్టుతోనే వచ్చి డార్విన్ పాఠం చెప్పేవారు. మాలో ఒకడు లేచి, సంకల్పంలో కల్పాలు, మన్వంతరాలు చెప్తారు కదా, భూమి వయసు మన పూర్వులకు ముందే తెలుసా అని అడిగాడు. వాడు మెప్పు కోసం అడిగాడు. సారు మెచ్చుకోలేదు. కల్పానికి 432 కోట్ల ఏళ్ళని, భూమి వయసు దాదాపు 450 కోట్లని ఆయనకూ తెలుసు. రెండు అంకెలు పక్కపక్కన పడితే చుట్టరికం కలిసినట్టు కాదన్నారు. సంకల్పంలో అంత కాలం చెప్పుకునేది మనమెంత చిన్నవాళ్ళమో గుర్తుచేసుకోవడానికి, రాళ్ళ వయసు కట్టడానికి కాదు, రాళ్ళ వయసు రాళ్ళనే అడగాలి అన్నారు. తరవాత బోర్డు వైపు తిరిగి గుర్రం కాలి వేళ్ళ బొమ్మలు గీశారు. ఈ విషయం మీద ఆ తరవాత ఎన్నో పుస్తకాలు చదివాను. అంతకంటే చిన్న జవాబు దొరకలేదు.

బొగ్గు గనుల్లో పనిచేసినవాళ్ళకు ఇది వింతేమీ కాదు. గని మొదట్లో మైసమ్మ ఉంటుంది. షిఫ్టుకు దిగే ముందు దండం పెట్టకుండా దిగేవాళ్ళు తక్కువ, నేనూ పెడతాను. దసరాకు యంత్రాలకు కొబ్బరికాయ కొడతాం. కొబ్బరికాయ కొట్టామని కప్పుకు రూఫ్ బోల్టులు తగ్గించిన ఇంజినీరును నేను చూడలేదు. తగ్గిస్తే మైసమ్మ కంటే ముందు కార్మికులే నిలదీస్తారు. కప్పు లెక్క కప్పుదే. మన బొగ్గు 25 కోట్ల ఏళ్ళు దాటినదని, మలేరి ఎర్రమట్టి దానికి పైపొర అని నమ్మే మేము బోర్లు వేసేది. ఆరువేల ఏళ్ళ భూమి అనుకుని బోరు వేస్తే బొగ్గు తగలదు. అన్నట్టు, 1870ల తొలినాళ్ళలో ఇల్లందు దగ్గర ఆ బొగ్గును గుర్తించిన డాక్టర్ విలియం కింగ్ తండ్రి పేరూ విలియం కింగే. నియాండర్తల్ మనిషికి 1864లో శాస్త్రీయ నామం పెట్టింది ఆ తండ్రి. సింగరేణి జీతంతో చదువుకున్న ఇళ్ళన్నిటికీ డార్విన్ కాలంతో ఆ మాత్రం చుట్టరికం ఉంది.

ఇప్పుడు అసలు చిక్కు. లెక్క వేరు, భక్తి వేరు అని ఊరుకోవచ్చా? మలేరి మట్టే ఊరుకోనివ్వదు. అక్కడ రెండు పారాసూకస్‌ల అస్థిపంజరాలు దాదాపు పూర్తిగా దొరికాయి. వాటి కడుపు ఉండవలసిన చోట మరో చిన్న జంతువు ఎముకలు ఉన్నాయి. దానికి మలేరిసారస్ అని పేరు. తిన్నదీ, తినబడిందీ కలిసే రాయి అయ్యాయి. మనిషి పుట్టడానికి 22 కోట్ల ఏళ్ళ ముందు. ఆదాము పాపం వల్ల లోకంలోకి చావు వచ్చిందని నమ్మే పాదిరికి ఆ కడుపు ఒక ప్రశ్న. పూర్వజన్మ కర్మ వల్ల బాధ వస్తుందని నమ్మే మనకూ ప్రశ్నే. ఆ మలేరిసారస్ ఏ పాపం చేసింది? బాధకు కారణం ఎప్పుడూ మనిషి తప్పే అనే జవాబు ఈ రాళ్ళ ముందు నిలబడదు. తిట్లు పడే ఇళ్ళలో కోపం కోతి గురించి అనుకుంటాం. లోపల భయం దీని గురించే అని నాకు అనిపిస్తుంది.

ఆ ప్రశ్నను తప్పించుకోకుండా ఎదుర్కొన్న ఫాదర్ ఒకరున్నారు. టెయార్ ద షార్డాన్. 1881లో ఫ్రాన్స్‌లో పుట్టిన జెస్యూట్ గురువు, శిలాజ శాస్త్రవేత్త. 1935లో మన దేశానికి వచ్చి నర్మద లోయలో కూడా తిరిగారు. చైనాలో పెకింగ్ మనిషి తవ్వకాల్లో పాలుపంచుకున్నారు. సృష్టి ఒకనాడు జరిగి ముగిసిపోయినది కాదు, ఇంకా జరుగుతూనే ఉంది, పరిణామమే దేవుడు సృష్టించే తీరు, అందులో బాధ అనేది ఇంకా పూర్తికాని పనిలోని బాధ అని ఆయన వాదం. ఆదిపాపం మీద రాసిన కాగితాల వల్ల పారిస్‌లో పాఠాలు చెప్పడం మానిపించారు. పెద్ద పుస్తకం రాస్తే అచ్చు వేయడానికి పైవాళ్ళు ఒప్పుకోలేదు. ఆయన ఎదిరించి బయటికి పోనూ లేదు, రాసింది చించేయనూ లేదు. 1955 ఈస్టర్ నాడు న్యూయార్క్‌లో పోయారు. పుస్తకం ఆ తరవాతే వచ్చింది. దాని ఇంగ్లీషు అనువాదానికి ముందుమాట రాసినది జూలియన్ హక్స్‌లీ, మన మలేరి జంతువు మోసే హక్స్‌లీకి మనవడు, దేవుణ్ణి నమ్మని వాడు. 1996లో పోప్ రెండో జాన్ పాల్, పరిణామ సిద్ధాంతం కేవలం ఒక ఊహ కాదు, అంతకంటే ఎక్కువ అని శాస్త్రవేత్తల సభకు రాసి పంపారు.

టెయార్ జవాబు నన్ను సగమే ఒప్పించింది. పెద్ద పని జరుగుతున్నదంటే సరే, ఆ పనిలో తినబడిన చిన్న జంతువుకు దానివల్ల ఒరిగిందేమిటి అన్నది మిగిలే ఉంది. ఆయన రాతల్లో సైన్సు ఎక్కడ ముగిసి ప్రార్థన ఎక్కడ మొదలైందో తెలియని పేజీలు కూడా ఉన్నాయి. శాస్త్రవేత్తలు ఆ తప్పు గట్టిగానే పట్టారు, నాకు అది న్యాయమే అనిపిస్తుంది. నాకు హిస్లాప్ పద్ధతే ఎక్కువ నచ్చుతుంది. ఆయన సర్దుబాటు సిద్ధాంతం ఏదీ కట్టలేదు. చూసింది చూసినట్టు రాశాడు.

రాళ్ళ విషయంలోనే కాదు. నాగపూర్ వైపు ఒక పర్ధాన్ నోట విని, గోండుల లింగో కథను ఆయన రాసుకున్నాడు. గుహలో బందీలైన గోండులను లింగో విడిపించి, గోత్రాలు పంచి, దేవుళ్ళను ఇచ్చిన కథ. ఆ మూలకథ ఆయన బైబిలుతో కలవదు. అయినా మనకు అందేలా రాసిపెట్టాడు. 1863 సెప్టెంబరు 4 రాత్రి, టాకల్‌ఘాట్ దగ్గరి పురాతన రాతి వలయాలను చూసి తిరిగి వస్తూ పొంగిన వాగులో కొట్టుకుపోయాడు. 46 ఏళ్ళు నిండలేదు. ఆయన కాగితాలను రిచర్డ్ టెంపుల్ 1866లో అచ్చు వేయించాడు. అందులో ఆ కథ ఉంది. మన కెరమెరి, జైనూరు గోండు పిల్లలు ఈ సభలో ఉన్నారు. మీ తాతలు పాడిన కథకూ, మీ ఊరి మట్టిలోని చేపకూ రికార్డు రాసినవాడు ఒకడే. ఆ మట్టి కాలం నాటి భూఖండానికి శాస్త్రజ్ఞులు పెట్టిన గోండ్వానా అనే పేరు మీ జాతిది.

ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకు వస్తాను. అమ్మా, పరీక్షలో రాసేదే నిజం. మలేరి చేప, గుర్రం వేళ్ళు, నీ చేతి ఎముకలు ఒకే మాట చెప్తున్నాయి. అది ఇంట్లో ఎవరి దేవుడికీ వ్యతిరేకంగా చెప్పిన మాట కాదు, కానీ ఇంట్లోవాళ్ళ దేవుడి గురించి కొన్ని పాత జవాబులను మళ్ళీ ఆలోచించుకోమంటుంది. ఆ ఆలోచన పెద్దవాళ్ళ పని, నీది కాదు. నువ్వు వాదించి గెలవనక్కర లేదు. 2023లో ఎన్సీఈఆర్టీ పదో తరగతి పుస్తకంలోంచి పరిణామం పాఠం తీసేసినప్పుడు 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు సంతకాలు చేసి వద్దన్నారు. వాళ్ళలో గుడికి పోయేవాళ్ళు, చర్చికి, మసీదుకు పోయేవాళ్ళు లేరని ఎవరూ అనుకోరు.

ఇక సంఘానికి ఒక విన్నపం. మన మట్టిలో పుట్టిన ఇవేవీ మన దగ్గర లేవు. బారాపాసారస్ కలకత్తాలో నిలబడి ఉంది. కోటాసారస్ హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది, తొమ్మిది మీటర్ల పొడవున. యామన్‌పల్లి పిల్లవాడు దాన్ని చూడాలంటే హైదరాబాదు పోవాలి. ఈ చలికాలం పదో తరగతి రెండు సెక్షన్లనూ రెండు బస్సుల్లో తీసుకుపోదాం. పొద్దున అయిదుకు బయల్దేరితే మధ్యాహ్నానికి మ్యూజియం, రాత్రికి తిరిగి ఇల్లు. తిరుగు దారిలో వేములవాడ ఆగుదామని కొందరు టీచర్లు అంటున్నారు. ఆగుదాం, నాకు అభ్యంతరం లేదు. ఒక బస్సు ఖర్చు మా బ్యాచ్ పెట్టుకుంటుంది. రెండోదానికి పేర్లు ఇచ్చేవాళ్ళు భోజనాల దగ్గర నన్ను కలవండి. నోటుబుక్కు తెచ్చాను.